ఎంగిలి వాద్యం

జర్మనీలో ట్రాసింగెన్ అని ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో నోటి బాజాలకు ఒక మ్యూజియం ఉంది. 1991లో పెట్టారు. మౌత్ ఆర్గాన్లు, అకార్డియన్లు, వాటి డబ్బాలు, డబ్బాల మీది రంగు బొమ్మలు, వాటిని చేసిన పనిముట్లు అన్నీ భద్రం చేశారు. దుమ్ము పడదు, చెమ్మ తగలదు. మా నాయన కిలారినెట్టుకు అమ్మ పాత రైక చించి కుట్టిన సంచీ ఉండేది. పెళ్లి ఊరేగింపులో వాన పడితే నాయన తను తడుస్తా సంచీని చొక్కా లోపల దాచుకునేవాడు. ఆ కిలారినెట్టు ఇప్పుడు లేదు. దాన్ని లేకుండా చేసింది అగ్రకులమోళ్లు కాదు, నేనే. ఆ సంగతీ చెప్తాను. ముందు చెప్పాల్సింది ఎంగిలి గురించి.

1978లో నేను ఆరో తరగతి. షోలే సినిమా 1975లో వచ్చినా మా పక్క టౌనుకొచ్చేసరికి మూడేళ్లు పట్టింది. హిందీ ఒక్క ముక్క రాకపోయినా పిల్లలమంతా దాని మీద పడ్డాం. అందులో అమితాబ్ చీకట్లో మెట్ల మీద కూచుని మౌత్ ఆర్గాన్ ఊదుతాడు. (నిజంగా ఊదింది భాను గుప్తా అనే వాద్యగాడని చాలా ఏళ్లకు తెలిసింది. ఊపిరి ఒకడిది, పేరు ఇంకొకడిది. మాకు ఇదేం కొత్త కాదు.) మా క్లాసులో కామందు కొడుక్కి వాళ్ల మేనమామ మద్రాసు నుంచి ఒక మౌత్ ఆర్గాన్ తెచ్చిచ్చాడు. వాడు ఎంత ఊదినా గుయ్యిమనటమే తప్ప పాట రాలా. నాకు నాయన ఊదగా విని విని చెవి తయారయి ఉంది. ఆదివారం గుళ్లో పాడే పాట వరస ఒకటి దానిమీద పలికించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాడే ముందు కొట్టాడు, పాపం. నాలుగు రోజులు ఇద్దరం ఒకే బాజా ఊదుకున్నాం.

అయిదో రోజు వాళ్ల నాయనమ్మకు తెలిసింది. ఆవిడ దాన్ని చేత్తో ముట్టుకోలా. పొయ్యి దగ్గర పట్టకారుతో పట్టుకొచ్చి పెంటదిబ్బ మీద పారేసింది. "మాదిగోడి ఎంగిలి నా మనవడి నోట్లో పెట్టారుగదరా" అని శోకాలు పెట్టింది. పిల్లాడికి తలంటు పోసి, నోట్లో తులసాకు పెట్టారట. సాయంత్రం నాయనకు కబురు. నాయన తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. నేను ఆయన వెనక. కామందు అరవలేదు, కొట్టలేదు. వస్తువు ఖరీదు చెప్పాడంతే. నాయన దగ్గర అంత డబ్బు ఎక్కడిది? ఆ ఇంటి మూడు పెళ్లిళ్లకు కూలి లేకుండా ఊదేటట్టు మాట కుదిరింది.

ఇంటికొచ్చాక నాయన ఏమీ అనలా. అమ్మే అంది, "ఖరీదు కడతన్నాం గదా, అయితే అది మన వస్తువే. పోరా, తెచ్చుకో." నేను భయపడి పోలేదు. అమ్మే చీకట్లో పొయ్యి పెంట కెలికి తెచ్చింది. చింతపండేసి తోమింది. పది బెజ్జాల్లో తొమ్మిది బాగానే పలికాయి. నాలుగో బెజ్జంలో గాలి లోపలికి పీల్చేటప్పుడు పలికే రీడు మాత్రం విరిగిపోయింది. అది నలభై ఏళ్ల పైగా నా దగ్గరే ఉంది.

ఇప్పుడు ఆ మూడు పెళ్లిళ్ల సంగతి ఆలోచించండి. నాయన ఊపిరితిత్తుల్లో తిరిగిన గాలి కిలారినెట్టు గొట్టంలోంచి పోయి వాళ్ల పెళ్లిపందిరంతా నిండింది. పెళ్లికూతురు చెవిలో పడింది. పురోహితుడి చెవిలో పడింది. ఆ గాలికి అంటు లేదు. నాయన మాత్రం పందిరి గుంజ దాటకూడదు. అందరూ తిన్నాక విస్తరి బయట వేస్తారు. ఊపిరి కావాలి, ఊపిరి పోసే నోరు అక్కర్లేదు. ఇంత చిత్రమైన లెక్క ప్రపంచంలో ఏ లెక్కల మేష్టారైనా కట్టగలడా?

సన్నాయికి గానీ కిలారినెట్టుకు గానీ పీక నోట్లో పెట్టుకోవాల్సిందే. ఉమ్మితో తడవకపోతే పలకదు. నాయన మేళానికి ముందు కాసేపు రీడు నాలిక మీద పెట్టుకుని నానబెట్టేవాడు. ఎండిన రీడు కీచుమంటుంది. అంటే ఈ వాద్యాలకు ఎంగిలి మురికి కాదు, ప్రాణం. మరి మన దేశంలో ఎంగిలి అనేది ఒక చట్టం. ఎవరి ఎంగిలి ఎవరు తినొచ్చు, ఎవరిది ఎవరికి తగలకూడదు అనేది ఇక్కడ రాజ్యాంగం కంటే పాత సంగతి. అందుకే ఈ పీకలన్నీ ఎవరి నోళ్లలో పడ్డాయో చూడండి. మంగలోళ్లు, మా మాదిగోళ్లు, మాలోళ్లు, సాయిబులు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924-1999) నాదస్వరం ఊదితే శ్రీరంగం చెవులొగ్గి విన్నది. దేవుడి ఉత్సవానికి మంగళవాద్యం సాయిబు ఎంగిలితో మోగింది. మంగళవాద్యం అని పేరు, ఊదేవాడు మాత్రం గుడి బయటి కులం. మన ఊళ్లలో ఇది వందల ఏళ్ల ఏర్పాటు.

పిల్లనగ్రోవికి కూడా పెదవి తగులుతుంది గదా, అది బాపనాయన కూడా వాయిస్తాడు గదా అని ఒక సభలో ఒక పెద్దమనిషి నన్నడిగాడు. నిజమే. కృష్ణుడి చేతిలో ఉన్నదానికి ఎంగిలి అంటదు. ఇంకొకాయన ఆరోగ్యం పేరు ఎత్తాడు. కరోనా తర్వాత ఈ మాట అనేవాళ్లు మరీ ఎక్కువయ్యారు. రోగం ఉందేమోనని కడగటం వేరు, కులం ఉందని పారెయ్యటం వేరు. రోగానికి కడిగితే వస్తువు మళ్లీ వాడుకుంటారు. మా నోరు తగిలిన వస్తువు ఏ నీళ్లతో కడిగినా శుద్ధి కాలేదు గదా, అందుకే పెంట మీదికి పోయింది.

హార్మోనియం సంగతి చూస్తే ఈ ముడి ఇంకాస్త విడిపోతుంది. మౌత్ ఆర్గానూ హార్మోనియమూ అక్కచెల్లెళ్లు. రెండిట్లోనూ ఉండేది ఒకే ఇత్తడి నాలిక. ఒక చివర బిగించి ఉంటుంది, రెండో చివర వదులుగా ఉండి గాలి తగిలితే ఆడుతుంది. ఆ నాలిక బుద్ధి మొదట ఆసియాది. చైనాలో షెంగ్, లావోస్‌లో ఖేన్, మన దేశంలోనే మిజోల సొరబుర్ర బాజా రాచెమ్. తెల్లవాళ్లు దాన్ని పెట్టెలో పెట్టారు. పారిస్‌లో అలెగ్జాండర్ దెబాన్ 1842లో హార్మోనియం పేరుతో పేటెంటు తీసుకున్నాడు. 19వ శతాబ్దం చివర్లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూచుని ఒక చేత్తో తిత్తి ఊపుతా వాయించే పెట్టెగా మార్చాడు. నోటికీ నాలికకూ మధ్య తిత్తి వచ్చి కూచుంది. ఎంగిలి సమస్య తీరింది. అగ్రహారం భజనలోకి కూడా ఆ పెట్టె అంత సులువుగా పోయిందంటే అదే కారణమని నా అభిప్రాయం. కాదనేవాళ్లు, మౌత్ ఆర్గాన్ మీద ఒక్క భజన ఎందుకు జరగలేదో చెప్పాలి.

అయినా హార్మోనియం పూర్తిగా వాళ్లది కాలేదు. అది మాకూ దొరికింది. మిషనరీల గుళ్లలో దొరికింది. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. వాళ్లలో ఎక్కువ మంది మా మాదిగలే. ఊరి గుడి గడప తొక్కనీయని కాళ్లకు ఆ గుడి దొరికింది, ఆ గుళ్లో పెట్టె దొరికింది. నాటకం స్టేజీ మీద దొరికింది. వీధి భాగోతాల్లో ఒకప్పుడు శ్రుతికి మేకతోలు తిత్తి ఉండేది, దాని జాగాలో పెట్టె వచ్చి కూచుంది. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను ఎవరి పద్యాలతో నిలబడింది? గుర్రం జాషువా పద్యాలతో. పంక్తి భోజనంలో పక్కకు నెట్టిన కవి పద్యాల్ని ఊరంతా తెల్లవార్లూ కూచుని వన్స్‌మోర్ కొట్టి విన్నది. ఆ పద్యాల వెనక శ్రుతి పట్టింది హార్మోనియం.

ఆ హార్మోనియాన్ని 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో బయటికి నెట్టింది. అంతకు కొన్ని వారాల ముందు విశ్వకవి ఠాగూరు దాన్ని వెళ్లగొట్టమని కలకత్తా స్టేషనుకు ఉత్తరం రాశాడు. స్వాతంత్ర్యం వచ్చింది, నిషేధం పోలా. 1952 నుంచి పదేళ్లు మంత్రిగా ఉన్న కేస్కర్ సినిమా పాటల్నే రేడియోలోంచి తరిమినవాడు, హార్మోనియాన్ని రానిస్తాడా? 1971లో గానీ పట్టు సడల్లేదు. ముప్ఫై ఏళ్లు. ఎందుకయ్యా అంటే, దీని స్వరాలు బిగుసుకుని ఉంటయి, గమకం పలకదు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారటం రాదు, శ్రుతులు మన శ్రుతులు కావు అన్నారు.

పండితులు చెప్పింది పూర్తి అబద్ధం అనను. పెట్టె మీద రెండు మెట్ల మధ్య సందు లేదు. అది వాయించిన ఎవరికైనా తెలుసు. కానీ నాకు ఒకటే ప్రశ్న. బిగుసుకుపోయింది ఇత్తడి నాలికా, దాన్ని నోటికి దూరంగా పెట్టిన పెట్టా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినోళ్లు పండితులు కాదు. అమెరికాలో పత్తిచేలల్లో, రైల్వే పనుల్లో ఒళ్లు హూనం చేసుకున్న నల్లజాతి కూలీలు. ట్రాసింగెన్ నుంచి ఓడల మీద పోయిన చవక మౌత్ ఆర్గాన్లు వాళ్ల జేబుల్లోకి చేరాయి. హోనర్ కంపెనీ 1896లో మెరీన్ బ్యాండ్ అనే పది బెజ్జాల బాజా తెచ్చింది. దాన్ని చేసింది జర్మన్ జానపదాల కోసం, ఊదితే చక్కగా మేజర్ స్వరాలు రావటం కోసం. నల్లోళ్లు దాన్ని తిరగేసి పట్టారు. ఊదటం తగ్గించి పీల్చటం మొదలుపెట్టారు. సి శ్రుతి బాజా మీద జి శ్రుతి పాట కట్టారు. నోట్లో నాలికను వెనక్కి లాగి, గొంతు తెరిచి, గాలిని వంచి పీలిస్తే ఆ బెజ్జంలో ఉన్న రెండు రీడ్లూ కలబడి స్వరం కిందికి జారుతుంది. ఏడుపులాగా జారుతుంది. చేసినోడికి తెలియని స్వరాలు అవి. కంపెనీ చీటీలో లేని స్వరాలు. రీడు వంగదు అని మన రేడియో పెద్దలు తీర్మానం చేసిన 1940కి రెండేళ్ల ముందే, 1938లో, చూపు లేని సోనీ టెర్రీ న్యూయార్క్ కార్నెగీ హాల్లో కూచుని అదే జాతి రీడును వంచి చూపించాడు. రైలు కూత పలికించేవాడు, వేటకుక్కల అరుపు పలికించేవాడు. ఆ తర్వాత లిటిల్ వాల్టర్ మైకు బాజాకు ఆనించి గుప్పిట్లో బిగించి 1952లో 'జూక్' రికార్డు ఇచ్చాడు.

అంటే వంగకపోవటం రీడు గుణం కాదు. నోరు పెడితే వంగుతుంది. మడి కట్టుకుని దూరంగా ఉంటే వంగదు. మూడు దశాబ్దాల నిషేధం వెనక ఉన్న శాస్త్రీయత ఇంతే. దాన్ని కులం పేరు చెప్పి పెట్టలేదు, ఒప్పుకుంటా. ఎవరి నోటి ముందు నుంచి శ్రుతి లాగేశారో మాత్రం చూడండి. వీణకు నష్టం లేదు, వయొలిన్‌కు లేదు. నాటకాల హార్మనిస్టుకు రేడియో గేటు పడింది. 1972లో బొంబాయిలో మనవాళ్లు బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని దళిత్ పాంథర్స్ పెట్టినప్పుడు రాజకీయం తెచ్చుకున్నారు, కవిత్వం తెచ్చుకున్నారు. ఈ వంచే విద్య మాత్రం తెచ్చుకోలేదని నాకు ఇప్పటికీ వెలితి.

నేను ట్రాసింగెన్ పోయింది 2017లో. మా తమ్ముడి కొడుకు స్టుట్‌గార్ట్‌లో చదువుతుంటే చూసి వద్దామని పొయ్యి, పట్టుబట్టి అక్కడికి తీసుకుపొమ్మన్నాను. "పెదనాన్నా, కోటలున్నయి, కార్ల మ్యూజియం ఉంది, ఈ బాజాలేంది?" అన్నాడు వాడు. వాడికి పెంటదిబ్బ కథ తెలియదు. దారిలో రైల్లో చెప్పాను. మెయిన్ లైను నుంచి ఊళ్లోకి ఒక బుల్లి కరెంటు రైలు లైను ఉంది, 1898 నాటిది. దిగేదాకా వాడు కిటికీలోంచి బయటికే చూస్తా ఉన్నాడు.

మ్యూజియం హోనర్ పాత ఫ్యాక్టరీ కట్టడంలోనే ఉంది. గడియారాలు చేసుకునే మథియాస్ హోనర్ 1857లో భార్యనూ ఒక పనివాణ్ణీ పెట్టుకుని ఆ ఏడు 650 బాజాలు చేశాడట. 1920ల నాటికి ఏడాదికి కోట్లల్లో పోయాయి. బాజా పైమూత మీద హోనర్ పేరు చెక్కి ఉంటుంది. ఇది ఆయన తెలివి. మరి లోపలి రీడు ఎవరు రుద్దారు? ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు, పిల్లలు. ఫ్యాక్టరీ పని ఇళ్లకు పంచేవాళ్లు. వంటింటి బల్ల దగ్గర కూచుని రీడు ప్లేట్లు బిగించటం, రీడు ఆకురాయితో రుద్ది శ్రుతి చేయటం. మన బీడీ కార్మికుల్లాగే. యజమాని పేరు మూత మీద, ఆడమనిషి వేలి అరుగుదల మూత కింద. దేశం ఏదైనా ఈ పద్ధతి మాత్రం మారదు.

అయినా ఆ మ్యూజియాన్ని నేను తిట్టలేను. ఒక చిల్లర వస్తువుకు, జేబులో పెట్టుకుని తిరిగే ఉమ్మి బాజాకు, వాళ్లు ఇల్లు కట్టారు. చేసిన పనిముట్లు దాచారు. మన దగ్గర? మన ప్రాంతంలోనే ఒక ప్రదర్శనశాలకు విద్యార్థుల్ని తీసుకుపొయ్యాను. డప్పు ఉంది. పక్కన 'జానపద చర్మవాద్యం' అని చీటీ. ఆ తోలు ఎవరు తీశారు, ఎవరు ఊనారు, ఎవరు కొట్టారు, కొడితే ఏం పెట్టారు, కొట్టనంటే ఏం చేశారు, ఒక్క ముక్క లేదు. జానపదం! మాదిగ అనే మాట రాయటానికి వాళ్ల కలానికి అంటు. పక్క గదిలో మృదంగం. దాని తోలు మాత్రం మబ్బుల్లోంచి రాలినట్టు పెట్టారు. టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' రాసి మృదంగం చేసే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి చెప్పేదాకా పత్రికలోళ్లకు ఆ తోలు వాసనే రాలేదు. ఇక బ్యాండు మేళం కిలారినెట్టయితే ఏ గదిలోనూ లేదు. అది జానపదమూ కాదట, శాస్త్రీయమూ కాదట. తెల్లవాడి మిలిటరీ బ్యాండులోంచి వచ్చింది గనక మనది కాదట. వయొలిన్ ఎక్కడ నుంచి వచ్చిందో మరి!

ఈ చీటీలు వాళ్లే రాయలేదు. మనమూ రాశాం. ఇక్కడే నా సంగతి చెప్పాలి.

1985లో కారంచేడు జరిగాక నేను ఊరూరా మీటింగులు తిరిగేవాణ్ణి. వెట్టి మానాలి, పాడె ముందు డప్పు కొట్టొద్దు, కామందు పెళ్లికి ఊదొద్దు. సరైన మాటలే. ఇప్పటికీ సరైనవే అంటాను. ఇంటికి పొయ్యి అదే ఉపన్యాసం నాయనకిచ్చాను. నాయన మంచం మీద కూచుని విన్నాడు. "చెప్పులు కుట్టొద్దన్నావు, మానుకున్నా. చచ్చిన గొడ్డు ఈడ్వొద్దన్నావు, మానుకున్నా. ఇది ఈడ్చేది గాదు గదరా, ఊదేది. మన పల్లె పెళ్లిళ్లకి ఊదుకుంటా. ఆళ్లకి ఊదను." అన్నాడు. నేను వినలా. ఆ నల్ల గొట్టం కనపడితే నాకు వాకిట్లో నడుముకు తలగుడ్డ చుట్టుకుని నిలబడ్డ నాయనే కనపడేవాడు. 1989లో ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు దాన్ని టౌనులో ఒక పాతసామాన్ల కొట్లో అమ్మాను. మందులకని అందరికీ చెప్పాను. మందులకు సరిపడా డబ్బు నా దగ్గర అప్పటికే ఉంది.

నాయన ఇంటికొచ్చి సూరులో సంచీ కోసం చెయ్యి పెట్టాడు. సంచీ ఉంది. లోపల రీడ్లున్న చిన్న డబ్బీ ఉంది. ఆ డబ్బీ తీసి ఒక రీడు నాలిక మీద పెట్టుకుని చాలాసేపు అట్లా కూచున్నాడు. నన్ను అడగలా. 2003లో పోయేదాకా అడగలా.

1994 జులై 7న ఈదుముడిలో దండోరా మొదలైంది. డప్పు మెడలో వేసుకుని మేం రోడ్డెక్కాం. ఏ డప్పును అవమానం అని దింపమన్నామో దాన్నే జెండా చేసుకున్నాం. ఆ రోజుల్లో నాయన నా వంక చూసిన చూపు నాకు బాగా గుర్తు. డప్పుకు వేదిక దొరికింది. కిలారినెట్టుకు దొరకలేదు. ఉద్యమం పాటల్లో కిలారినెట్టు ఎంత మందికి వినపడింది? అది పెళ్లిబ్యాండు, సినిమా పాటలు, తాగుబోతు ఊరేగింపు అని మనమే పక్కన పెట్టాం. ఎరుపు కోటు, బంగారు అంచు, తలకు పాగా వేసుకుని జనరేటర్ లైట్ల కింద చెమటలు కక్కే మనోళ్లను చూసి కాలేజీ చదువుకున్న పిల్లలం తల తిప్పుకుని పొయ్యాం. ఇప్పుడు డీజే వచ్చి ఆ కూలీ కూడా పోతంది. వాళ్లకు పెన్షన్ అడుగుదామని మన సంఘాల్లో ఎంత మందికి తోచింది? డప్పు కళాకారులకు పెన్షన్ అడిగాం, మంచిదే. ఊదేవాడి ఊపిరితిత్తుల సంగతి?

నాకు అద్దాల బీరువాల మీద మోజు లేదు. కానీ మన పల్లెల్లో ఇంకా మూలన పడి ఉన్న కిలారినెట్లు, తిత్తి చిరిగిన గుడి హార్మోనియాలు, పీక పోయిన సన్నాయిలు పాతసామాన్లకు పోకముందే ఎవరైనా సేకరించాలి. విద్యార్థులు చెయ్యగలిగిన పని ఇది. వస్తువుతోపాటు ఊదినవాడి పేరు రాయండి, కులం రాయండి, ఏ ఇంటి పెళ్లికి ఊదాడు, ఎంతిచ్చారు, ఎక్కడ కూచోబెట్టి పెట్టారు రాయండి. నాయన సంచీ, రీడ్ల డబ్బీ నేనిస్తాను. వస్తువు జాగాలో, అమ్మింది కొడుకే అని రాయండి.

మౌత్ ఆర్గాన్ మాత్రం ఇవ్వను. రిటైరయ్యాక ఆదివారాలు మా టౌనులో ఒక ఎస్సీ హాస్టలుకు పోతన్నాను. పదిహేను మంది పిల్లలు, ఒక బాజా. వేడినీళ్ల గిన్నె ఒకటి పెట్టుకుంటాను, మా అమ్మాయి పట్టు మీద. కడిగి ఇస్తాను, ఊది ఇస్తారు. కొందరు కడగటానికి ఆగరు, తొందర. నాలుగో బెజ్జంలో పీల్పుకి పలకదని ముందే చెప్తాను. ఆ స్వరం వచ్చినప్పుడు పిల్లలు నోరు తీసేసి గొంతుతో పాడి, మళ్లీ అయిదో బెజ్జం దగ్గర బాజా అందుకుంటన్నారు.